పెరటి కూరకు పత్తి మందు వద్దు



పెద్దవూర చుట్టుపట్ల గ్రామములలో మేము ఇండ్లు దర్శించునప్పుడు వానకాలము వచ్చినదంటే ఒక ప్రశ్న తప్పక ఎదురగును. "అయ్యగారూ, వంకాయ కోస్తే లోపలంత పురుగే. బీరతీగ ఆకులన్ని జల్లెడయినయ్. మిరప చెట్లు ముడుచుకపోయినయ్. మందు కొందామంటే పైసల్లేవు. ఏం జేయాలె?" అని తల్లులు అడుగుదురు. ఈ నెల మన పుటలో దీనికి జవాబు వ్రాయవలెనని తలంచితిమి.

పెరటిలో నాలుగు వంకాయ చెట్లు, రెండు బీరపాదులు, ఒక చిక్కుడు పందిరి, గుప్పెడు పచ్చిమిర్చి ఉన్న ఇంటికి అంగడి రోజు సంచి బరువు తగ్గును. కూలి దొరకని దినమున కూడ పిల్లల పళ్లెములో కూర యుండును. కనుక పెరటికి పురుగు పట్టుట చిన్న సంగతి కాదు. పేదవాని ఇంటిలో అది వారానికి ఇన్ని రూపాయల నష్టము.

అయితే పురుగుకంటె ఎక్కువగా మేము భయపడునది మరియొకటి ఉన్నది. మన ప్రాంతములో పత్తి వేయని ఊరు అరుదు. పత్తికి కొట్టగా మిగిలిన మందు సీసా ఏ చూరులోనో, ఏ గూటిలోనో ఉండనే ఉండును. "కొత్తగ కొనే పనేముంది, ఉన్నదే జరంత కలిపి చల్లుత" అని చాలామంది ఆ సీసా తీయుచున్నారు. సాయంత్రము చల్లి, మరుసటి ఉదయము వంకాయ కోసి కూర వండుచున్నారు. ఖర్చు లేదనుకొన్న ఆ మందే మన ఇంటికి అన్నిటికంటె ఎక్కువ ఖర్చు తేగలదు.

కడిగితే పోవునా?

"కడిగి వండుతం గద" అని కొందరు అందురు. పత్తికి విస్తారముగా వాడిన మోనోక్రోటోఫాస్ వంటి మందులు ఆకు మీద దుమ్మువలె నిలిచియుండునవి కావు. మొక్క వాటిని లోనికి పీల్చుకొనును. రసముతో పాటు అవి కొమ్మకును కాయకును పోవును. రసము పీల్చు పురుగు చచ్చుటకు అట్లు చేసిరి. లోపలికి పోయినదానిని బయట నీళ్లు ఎట్లు కడుగును? ఉప్పునీటిలో వేసినను, పసుపు నీటిలో వేసినను అది పూర్తిగా పోదు.

ఈ కారణముచేతనే 2005లో కేంద్ర ప్రభుత్వము మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడరాదని నిషేధించెను. 2023లో ఆ 36 శాతము ద్రవపు మందును క్రమముగా ఆపివేయుటకు ఉత్తర్వు ఇచ్చెను. దుకాణములో ఆగిపోయినను పాత సీసా ఇంటిలో ఉన్నంత కాలము ప్రమాదము ఇంటిలోనే ఉన్నది.

2013 జూలై 16న బీహారు రాష్ట్రములోని సారణ్ జిల్లా, గండామన్ గ్రామ పాఠశాలలో మధ్యాహ్న భోజనము తిన్న పిల్లలలో 23 మంది చనిపోయిరి. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్లు పరీక్షలో తేలెను. ఆ పిల్లలు తిన్నది అన్నమును కూరయు మాత్రమే. విషమును వంట వస్తువులకు దగ్గర చేర్చిన ఇంటిలోనైనను, బడిలోనైనను ఏమి జరుగగలదో ఆ ఊరి తల్లులను మించి చెప్పగలవారు లేరు.

కాబట్టి మొదటి పని పురుగును గూర్చినది కాదు, సీసాను గూర్చినది. పురుగు మందు డబ్బా మీద వజ్రపు ఆకారములో రంగు గుర్తు ఉండును. ఎరుపు అన్నిటికంటె తీవ్రమైన విషము. తరువాత పసుపు, నీలము, ఆకుపచ్చ. ఆకుపచ్చ గుర్తు ఉన్నది కూడ మందే గాని మంచినీరు కాదు. మిగిలిన మందును చల్లదనపు పానీయముల సీసాలోనికో, నూనె సీసాలోనికో మార్చవద్దు. వంటింటిలోను, ధాన్యపు గుమ్మి దగ్గరను పెట్టవద్దు. పిల్లలకు అందనిచోట, తాళము వేసిన పెట్టెలో పెట్టుడి. ఖాళీ డబ్బాను నీళ్లకు, పాలకు, పప్పులకు వాడవద్దు. దానికి బొక్కలు పొడిచి, బావికిని వాగుకును దూరముగా లోతున పూడ్చుడి.

ఇంటిలో తాళము లేని విష సీసా ఇంకొక విధముగా కూడ ప్రమాదమే. అప్పుల బాధలో, కోపములో, ఒక్క నిమిషపు నిరాశలో చేయి దానిమీదికి పోయిన ఇండ్లు మన జిల్లాలో ఎన్ని ఉన్నవో మీకు తెలియును. సీసా చేతికి అందకపోయిన ఆ ఒక్క నిమిషము దాటిపోవును. ఎవరికైనను మందు తగిలినను, మింగినను, బట్టలు విప్పించి ఒంటిని సబ్బుతో కడిగి, 108కి ఫోను చేసి, ఆ సీసాను గూడ ఆసుపత్రికి తీసికొని పోవుడి. ఏ మందో తెలిసిన వైద్యుడు సరియైన విరుగుడు త్వరగా ఇయ్యగలడు.

మందు ఎక్కువైతే పురుగు తగ్గునా?

ఎక్కువ మందు కొడితే పురుగు తప్పక పోవునని మనము నమ్మితిమి. మన తెలంగాణ పత్తి చేలు వేరుగా చెప్పినవి. 1997-98 పంటకాలములో వరంగల్లు జిల్లాలో పొగాకు లద్దె పురుగు పత్తిని తినివేసినప్పుడు రైతులు మందుమీద మందు కొట్టిరి. పురుగు చావలేదు, అప్పు పెరిగెను. ఎందరో రైతులు ప్రాణములు తీసికొనిరి. 2021లో నల్ల తామర పురుగు మిరప తోటల మీద పడినప్పుడు కూడ వేలకు వేలు ఖర్చు పెట్టి కొట్టిన మందులు పంటను కాపాడలేకపోయినవి.

దీనికి కారణము కష్టమైనది కాదు. మందు కొట్టినప్పుడు బలహీనమైన పురుగులు చచ్చి, మందుకు తట్టుకొన్నవి బ్రతుకును. వాటి పిల్లలు కూడ తట్టుకొనును. దానితోబాటు ఆ పురుగును తిను సాలీడు, గొల్లభామ, తూనీగ, అక్షింతల పురుగు ముందుగా చచ్చును. కాపలాదారు చచ్చిన ఇంటిలో దొంగకు భయమేమి?

ఇది తెలిసికొని మరలిన ఊళ్లు మన రాష్ట్రములోనే ఉన్నవి. పాల్వంచ దగ్గరి పునుకుల గ్రామము నాటి ఖమ్మము జిల్లాలోనిది, నేడు భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో ఉన్నది. పత్తి మందుల అప్పులతో అలసిన ఆ ఊరివారు వేపగింజల కషాయము, పచ్చిమిర్చి వెల్లుల్లి ద్రావణము, ఎర పంటలు వాడి, 2004 నాటికి పురుగు మందులు లేని గ్రామముగా పేరు పొందిరి. స్త్రీల పొదుపు సంఘములు ఆ పనిలో ముందు నిలిచినవి. వేపగింజలు ఏరుట, పొడి చేయుట కొందరికి పని కూడ ఆయెను. జనగామ వైపు లింగాల ఘనపురము మండలములోని ఏనబావి అను చిన్న ఊరు 2006లో రసాయనములు లేని గ్రామముగా ప్రకటించుకొనెను. 2005 ప్రాంతము నుండి గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ మహిళా సంఘముల ద్వారా ఈ పద్ధతిని అనేక జిల్లాలకు తీసికొనిపోయెను. ఎకరముల కొలది పత్తిలో వీలైనది నాలుగు మడుల పెరటిలో వీలు కాదా?

ముందు పురుగును ఎరుగుడి

పురుగులు తిను విధము మూడు రకములు. కొన్ని ఆకును కొరికి తినును. కొన్ని రసము పీల్చును. కొన్ని కొమ్మలోనికో, కాయలోనికో తొలుచుకొని పోవును. మొదటి రెండు రకములకు ఆకు మీద చల్లునది పనిచేయును. మూడవ రకమునకు ఒకసారి లోపలికి పోయిన తరువాత బయట చల్లునది ఏదియు అంతగా అందదు. ఇది గ్రహించిన సగము డబ్బు మిగులును.

కనపడిన ప్రతి పురుగును చంపవద్దు. వంకాయ ఆకు మీద కనపడు మచ్చల పెంకు పురుగును చూడుడి. మసక రంగులో, సన్నని నూగుతో, 12 లేక 28 చుక్కలతో ఉండి, ఆకును ఈనెలు మిగులునట్లు గీకి తినునది శత్రువు. దాని పసుపు గ్రుడ్లు ఆకు అడుగున గుంపుగా నిలువుగా ఉండును. నున్నగా మెరయుచు, తక్కువ చుక్కలతోనో, వంకర గీతలతోనో పేనుబంక మీద తిరుగు అక్షింతల పురుగు మిత్రుడు. అది పేనుబంకను తినును. రెంటిని ఒకటే అనుకొని చంపువారు తమ కూలివానిని తామే వెళ్లగొట్టినవారగుదురు.

అన్నిటికంటె తక్కువ ఖర్చు గల పని చేతులతో ఏరుట. ప్రొద్దున ఒక పావుగంట, మాపటివేళ ఒక పావుగంట మొక్కల చుట్టు తిరిగి, ఆకులు తిరగవేసి చూడవలెను. గ్రుడ్ల గుంపు ఉన్న ఆకును చిదిమివేయవలెను. పెద్ద పురుగులను సబ్బు నీళ్ల డబ్బాలో వేయవలెను, లేక కోళ్లకు వేయవలెను. ఈ పనికి పిల్లలు చాల పనికివత్తురు. చుక్కలు లెక్కబెట్టుట వారికి ఆటవలె ఉండును.

ఏ కూరకు ఏమి చేయవలెను?

వంకాయకు పెద్ద శత్రువు కొమ్మను, కాయను తొలుచు పురుగు. దీనికై బీటీ వంకాయ తయారు చేయగా దేశమంత వాదము జరిగి, హైదరాబాదుతో సహా ఏడు నగరములలో సభలు పెట్టి ప్రజల మాట విని, 2010 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రి జైరాం రమేశ్ దానిని నిలిపివేసిరి. పెరటిలో దానికి మందు కత్తియే. లేత కొమ్మ చివర వాడి వ్రేలాడినచో లోపల పురుగు ఉన్నదని అర్థము. వాడినచోటికి ఒక అంగుళము క్రిందుగా కోసి కాల్చివేయుడి. బొక్క పడిన కాయలను కూడ చెట్టు మీద ఉంచక, పెంటలో పారవేయక, కాల్చుడి లేదా లోతున పూడ్చుడి. పెంటలో పారవేసిన కాయ నుండి రెక్కల పురుగు లేచి మరల మీ చెట్టుకే వచ్చును. వారానికొకసారి క్రమముగా చేసినచో తరువాతి కాపు తేటపడును. ఇరుగు పొరుగు కూడ చేసినచో మరింత మేలు.

టమాటకు కాయ తొలుచు పచ్చపురుగు పట్టును. దానికి టమాటకంటె బంతి పువ్వు ఇష్టము. టమాట నారు నాటుటకు రెండు మూడు వారముల ముందే మడి అంచున పొడవు రకపు పసుపు బంతి వేసినచో, టమాట పూతకు వచ్చు వేళకు బంతి మొగ్గ తొడుగును. తల్లి పురుగు బంతి మీద గ్రుడ్లు పెట్టును. అక్కడ ఏరివేయుట సులభము. మిగిలిన పువ్వులకు పండుగ దినములలో గిరాకి కూడ ఉండును. అట్లే పొగాకు లద్దె పురుగుకు ఆముదపు ఆకు ఇష్టము. మన నల్లగొండ చలక నేలలకు ఆముదము కొత్తది కాదు గదా. పెరటి నాలుగు మూలల నాలుగు ఆముదపు మొక్కలు వేసి, గ్రుడ్ల గుంపు, చిన్న పిల్లపురుగులు ఉన్న ఆకును కోసి నాశనము చేసినచో కూర మడి చాలవరకు తప్పించుకొనును. అయితే వీటిని చూడకుండ వదలివేయవద్దు. చూడని ఎర పంట పురుగుల పుట్టినిల్లు అగును.

బెండకు ఆకు ఈనెలు పసుపుపచ్చగా మారు పల్లాకు తెగులు వచ్చును. అది పురుగు కాదు, వైరసు. దానిని మోయునది తెల్లదోమ. తెగులు పట్టిన మొక్క మరల బాగుపడదు. జాలిపడక మొదటి మొక్కను కనపడిన రోజే పీకివేయుడి. పాత డబ్బా రేకునకో, అట్టకో పసుపు రంగు వేసి, ఆముదము గాని గ్రీజు గాని పూసి, మొక్కల ఎత్తున కర్రకు కట్టినచో తెల్లదోమ, పేనుబంక రెక్కల పురుగులు దానికి అంటుకొనును. దుమ్ము పట్టినప్పుడు తుడిచి మరల పూయవలెను.

బీర, కాకర, దోస పాదులకు పండు ఈగ కాయలో గ్రుడ్లు పెట్టును. కాయ వంకర పోయి, కుళ్లి రాలును. రాలిన ప్రతి కాయను ఏ రోజుది ఆ రోజు ఏరి రెండు అడుగుల లోతున పూడ్చుడి. ఈగ పిల్లలు పాదు క్రింది మట్టిలోనే కోశములగును గనుక అక్కడి మన్నును అప్పుడప్పుడు గుల్లచేసి ఎండకు, కోళ్లకు అప్పగించుడి. పిందె పడగానే పాత పత్రిక కాగితము గొట్టముగా చుట్టి కట్టినచో ఈగకు కాయ అందదు. కాకరకు ఇది చాల మంచి ఉపాయము. వాన పడినప్పుడు కాగితము మార్చవలెను. లేత పాదుల ఆకులను కొరుకు ఎర్ర పెంకు పురుగుకు తెల్లవారుజామున, మంచు తడి ఉండగా, జల్లెడ పట్టిన కట్టెల బూడిద చల్లుడి. చల్లదనముతో మందముగా ఉన్న ఆ పురుగును ఆ వేళ చేతితో పట్టుట కూడ సులువు.

మిరపలో ఆకు పైకి ముడిచిన తామర పురుగు, క్రిందికి ముడిచిన నల్లి. నారుమడిలో ఉండగానే పాత దోమతెరనో, పలుచని నూలు చీరనో పందిరివలె కప్పినచో రసము పీల్చు పురుగుల మొదటి దెబ్బ తప్పును. చిక్కుడు లేత కొసల మీద నల్లగా కమ్ముకొను పేనుబంకను మొదట నీళ్లతో గట్టిగా కొట్టి కడుగుడి. తగ్గనిచో లీటరు నీటికి 5 గ్రాముల బట్టల సబ్బు కరగించి, ఆకు అడుగు తడియునట్లు సాయంత్రము చల్లుడి. ముందు రెండు ఆకుల మీద చల్లి, మరునాడు మాడలేదని చూచుకొనిన తరువాతనే మొక్కంతటికి చల్లవలెను.

వేప మన ముంగిట నున్నది

1959లో సూడాను దేశములో మిడుతలు దండుగా పడి పచ్చదనమంతయు తినివేయగా, వేపచెట్లు మాత్రము నిలిచియుండుటను జర్మను పురుగుల శాస్త్రజ్ఞుడు హెయిన్రిక్ ష్ముట్టెరర్ చూచెను. ఆ చూపు నుండి ఆయన జీవితమంత వేపను పరిశోధించెను. యోవేలు ప్రవక్త గ్రంథము చదివిన మనకు మిడుతల దండు అనిన ఏమిటో తెలియును. అట్టి ఆకలి కూడ ముట్టని చెట్టు మన వాకిట నున్నది. వేపనూనెతో బూజు తెగులును అరికట్టు పద్ధతికి 1994లో ఐరోపాలో ఒక అమెరికా కంపెనీకి, అమెరికా వ్యవసాయ శాఖకు పేటెంటు ఇయ్యబడెను. ఇది భారతీయులకు ఎప్పటి నుండియో తెలిసినదేనని వాదించగా 2000లో దానిని రద్దు చేసిరి. 2005లో అప్పీలు కూడ కొట్టివేయబడెను. లోకము పోట్లాడుకొనిన ఆ గింజను మనము వాకిట ఊడ్చి పారబోయుచున్నాము.

వేసవి చివర నుండి తొలకరి వరకు రాలు వేపపండ్లను ఏరి, గుజ్జు కడిగి, గింజలను నీడలో బాగుగ ఆరబెట్టుడి. గోనె సంచిలోనో, నూలు బట్టలోనో నిలువ చేయుడి. గాలి తగలని ప్లాస్టికు సంచిలో బూజు పట్టును. మూడు నెలలు నిలువయున్న గింజ మంచిది. ఏడాది దాటినదానిలో బలము తగ్గును.

పది లీటర్ల కషాయమునకు పై పెంకు తీసిన అరకిలో వేప పప్పు కావలెను. దానిని రోట్లో కచ్చాపచ్చాగా దంచి, బట్టలో మూట కట్టి, కొద్ది నీటిలో రాత్రంత నానబెట్టుడి. ఉదయము మూటను పదే పదే పిండినచో పాలవంటి నీరు దిగును. వడకట్టి, పది లీటర్లకు నీరు కలిపి, 10 గ్రాముల సబ్బు కరగించి కలుపుడి. సబ్బు వలన ద్రావణము ఆకుకు అంటుకొనును. ఆ దినమే సాయంత్రము చల్లవలెను. ఎండ తగిలినచో దాని బలము తొందరగా పోవును. నిలువ ఉంచినది పనికిరాదు. వారము పది దినములకొకసారి మరల చల్లవలెను.

చల్లిన మరునాడే పురుగులు రాలిపడలేదని నిరాశపడవద్దు. వేపలోని అజాడిరక్టిన్ అను పదార్థము పురుగుకు ఆకలి చంపును. అది చర్మము విడిచి పెరుగు క్రమమును చెడగొట్టును. పురుగు కొన్నాళ్లు కనపడినను తినుట తగ్గును. చిన్న పురుగుల మీద బాగుగ పనిచేయును. బాగుగ ఎదిగిన లద్దె పురుగు మీద అంతగా పనిచేయదు. అందుకే మొదటి గ్రుడ్లు కనపడినప్పుడే మొదలుపెట్టవలెను.

కొరికి తిను పురుగులు ఎక్కువైనప్పుడు పచ్చిమిర్చి వెల్లుల్లి ద్రావణము వాడుదురు. పది లీటర్లకు 300 గ్రాముల ఘాటు మిర్చి, 50 గ్రాముల వెల్లుల్లి మెత్తగ నూరి, రాత్రి నానబెట్టి, వడకట్టి, కొద్దిగా సబ్బు కలిపి చల్లవలెను. నాలుగు మొక్కలే ఉన్నచో రెండు లీటర్లు చాలును, పాళ్లు అట్లే తగ్గించుకొనుడి. చేతులకు సంచి తొడుగుకొని, గాలికి ఎదురుగా నిలువక, పిల్లలను దూరముగా ఉంచి చల్లుడి. కన్నులలో పడిన చాల బాధ.

చల్లుటకు పత్తి పంపును మాత్రము తేవద్దు. దానిలో పాత విషము మిగిలియుండును. కలుపు మందు కొట్టిన పంపు అయినచో ఆ శేషముకే టమాట, వంకాయ ఆకులు మెలితిరిగి చెడును. మూతకు సన్నని బొక్కలు పొడిచిన నీళ్ల సీసా, లేదా శుభ్రమైన చీపురు కట్ట పెరటికి చాలును.

పురుగు రాకముందు

బలమైన మొక్కకు పురుగు పట్టినను కోలుకొనును. అయితే బలమనగా యూరియా కాదు. యూరియా ఎక్కువైన మొక్క లేతగా, రసముతో ఉబ్బి, పేనుబంకకును తెల్లదోమకును విందు అగును. బాగుగ చివికిన పశువుల ఎరువు వేయుడి. చివకని పేడ వేసినచో చెదలు, వేరుపురుగు వచ్చును. వంకాయ, టమాట, మిరప ఒకే కుటుంబపు మొక్కలు. వాటి పురుగులును తెగుళ్లును చాలవరకు ఒకటే. ఒకదాని తరువాత ఒకటి అదే మడిలో వేయక, నడుమ ఆకుకూరలో, చిక్కుడో, గోరుచిక్కుడో వేయుడి. కాపు అయిపోయిన చెట్టును మోడుగా నిలువనీయక పీకివేయుడి.

నీటి మాట కూడ చెప్పవలెను. నాగార్జున సాగరు ఎడమ కాలువ మిర్యాలగూడ, కోదాడ వైపు పొలములను తడుపుచున్నది గాని, జలాశయము ప్రక్కనే ఉన్నను మన పెరళ్లకన్నిటికి కాలువ రాదు. గిన్నెలు, బియ్యము కడిగిన నీటిని పాదులకు మళ్లించుడి. సాయంత్రము ఆకు తడుపక, మొదట్లో పోయుడి. మొదట్లో గడ్డియో, ఎండుటాకులో పరచినచో తడి నిలుచును. నీరు లేక వాడిన మొక్క మీద నల్లి త్వరగా పెరుగును.

ఇన్ని చేసినను కొంత నష్టము ఉండును. వేప కషాయముతో ఒక్క పురుగు కూడ ఉండదని చెప్పువారిని నమ్మవద్దు. ఒక మూలన మచ్చ ఉన్న వంకాయను అంతవరకు కోసి పారవేసి మిగిలినది వండుకొనవచ్చును. మచ్చలేని కాయ చూపునకు బాగుండును, కాని దాని నునుపు ఏ మందుతో వచ్చినదో ఎవరికి తెలియును? పురుగు తిన్న వంకాయను మనము చూడగలము. విషము పట్టిన వంకాయను చూడలేము.

ఒక్క ఇంటివారు చేసినది సగమే ఫలించును. పక్కింటి పెరటిలో కుళ్లిన కాకరకాయలు పడియున్నచో ఈగ గోడ దాటి వచ్చును. కనుక ఈ మాట మీ స్త్రీల సమాజములో, పొదుపు సంఘములో చెప్పుడి. వేపపండ్లు రాలు దినములలో నలుగురు ఇండ్ల పిల్లలు కలిసి ఏరినచో ఏడాదికి సరిపడు గింజలు పైసా ఖర్చు లేక చేరును. ఒకరి బంతి నారు ఒకరికి, ఒకరి దోమతెర ఒకరికి అక్కరకు వచ్చును. చేతనైన యవ్వనస్థులు కలిసి వృద్ధులైన విధవరాండ్ర పెరటిలో వారానికొకసారి పురుగులు ఏరి రండి. మొదటి మనుష్యునికి అప్పగింపబడిన పని ఒక తోటను చూచుకొనుటయే గదా. ఆ పని ఎవరికిని చిన్నతనము కాదు.

ఈ పుట చదివి ముగించిన వెంటనే లేచి, మీ ఇంటి చూరులోను, గూటిలోను, మంచము క్రిందను వెదకుడి. పత్తి మందు సీసా కనపడినచో నేడే దానిని పెట్టెలో పెట్టి తాళము వేయుడి. తాళపు చెవి పెద్దవారి దగ్గర ఉండవలెను. పురుగు పని రేపు ప్రొద్దున చూచుకొనవచ్చును.